ల్యాబ్ చీటీ ముందే చెప్పేసింది: ఓవర్‌డోస్‌తో వచ్చిన మైనర్ ఇంటికి కబురు చేయడంపై ఒక కేసు

ఈ కేసులో అమ్మాయినీ, ఊరినీ, కాలేజీనీ ఎవరూ పోల్చుకోకుండా వయసు తప్ప మిగతా వివరాలు మార్చాం. ఎన్ని మాత్రలు వేసుకుందో కావాలనే రాయలేదు. ఇక్కడ తెలుసుకోవలసిన సంగతికి ఆ అంకెతో పనిలేదు.

నేపథ్యం

పదహారేళ్ళ అమ్మాయి. ఇంటర్ మొదటి సంవత్సరం, రెసిడెన్షియల్ కాలేజీ హాస్టల్. సొంతూరు బస్సులో అయిదు గంటల దూరం. తండ్రిది చిన్న వ్యాపారం, తల్లి ఇంటిపట్టునే ఉంటుంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తండ్రి దగ్గరే ఉంటుంది.

రాత్రి ఒంటిగంటకు హాస్టల్ వార్డెన్, గదిలో ఉండే స్నేహితురాలు కలిసి ఆటోలో క్యాజువాలిటీకి తీసుకొచ్చారు. అన్నం పడలేదు, వాంతులవుతున్నాయి అని వార్డెన్ చెప్పింది. ఆవిడ ఓపీ చీటీ కోసం వెళ్ళాక స్నేహితురాలు నర్సు దగ్గరికొచ్చి అసలు సంగతి చెప్పింది: రాత్రి పది ప్రాంతంలో పారాసెటమాల్ మాత్రలు చాలా వేసుకుంది. ఇలాంటి కేసుల్లో తోడు వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినే విడిగా అడగాలి. అందరూ ఒకచోట ఉన్నప్పుడు వయసులో పెద్దవాళ్ళు చెప్పిందే కేస్ షీట్‌లోకి ఎక్కుతుంది.

అమ్మాయి పూర్తి స్పృహలో ఉంది. నాడి, బీపీ, ఆక్సిజన్, చక్కెర, ఈసీజీ అన్నీ మామూలే. బరువు 46 కిలోలు. మూడు గంటలు గడిచిపోయాయి కాబట్టి కడుపులోని మందును పీల్చుకునే యాక్టివేటెడ్ చార్‌కోల్ ఇవ్వలేదు. నాలుగో గంట నిండగానే పారాసెటమాల్ స్థాయికీ, కాలేయ పరీక్షలకూ, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్‌కూ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్‌కూ రక్తం తీశాం. స్థాయి చూసే పరీక్ష మా దగ్గర లేదు. బయటి ల్యాబ్ నుంచి రిపోర్టు మధ్యాహ్నానికి గానీ రాదు. విరుగుడైన ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ ఎనిమిది గంటల్లోపు మొదలైతే కాలేయానికి దాదాపు పూర్తి రక్షణ దొరుకుతుంది. రిపోర్టు కోసం ఆగితే ఆ గడువు దాటిపోతుంది. అందుకని స్నేహితురాలి మాట మీదే రెండుంపావుకి మొదలుపెట్టాం. 150 మి.గ్రా./కిలో లెక్కన 6.9 గ్రాములు గంటలో, 50 లెక్కన 2.3 గ్రాములు నాలుగు గంటల్లో, 100 లెక్కన 4.6 గ్రాములు పదహారు గంటల్లో. మొత్తం 21 గంటల సెలైన్. విషం కేసులో వచ్చిన యుక్తవయసు ఆడపిల్లలందరికీ చేసినట్టే ఈ అమ్మాయికీ, ఆమెను అడిగి, గర్భనిర్ధారణ కార్డు పరీక్ష చేశాం. నెగెటివ్ వచ్చింది. ఈ పరీక్ష దగ్గరికి మళ్ళీ వస్తాం.

అమ్మానాన్నల సంతకం లేకుండా మొదలుపెట్టవచ్చా అని డ్యూటీలో ఉన్న జూనియర్ అడిగారు. పెట్టవచ్చు. ప్రాణాపాయం ఉండి, సంరక్షకులు అందుబాటులో లేనప్పుడు రోగి మేలుకోరి సద్భావంతో చేసే చికిత్సకు భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. అత్యవసర వైద్యం ఏ లాంఛనం కోసమూ ఆగకూడదని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. అయితే ఈ వెసులుబాటు చికిత్స మొదలుపెట్టడానికి మాత్రమే. ఇంటికి చెప్పకుండా ఉండిపోవడానికి దీన్ని వాడుకోకూడదు.

సమస్య

రెండున్నరకు అమ్మాయి మొదటిసారి నోరు విప్పింది. "నాన్నకి చెప్పొద్దు. చెప్తే మళ్ళీ వేసుకుంటా."

పదహారేళ్ళ రోగి మాటకు విలువ ఇవ్వాలి. కానీ మన చట్టంలో పద్దెనిమిది నిండేవరకు మైనరే. పిల్లల పరిణతిని బట్టి రహస్యం కాపాడమనే బ్రిటన్ గిల్లిక్ సూత్రం పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది గానీ అది ఇక్కడి చట్టం కాదు. పైగా 21 గంటల అడ్మిషన్ ఉంది, తర్వాత రెండు మూడు రోజులు రక్తపరీక్షలున్నాయి, ఇంటికి వెళ్ళాక కనిపెట్టుకుని ఉండాల్సిన మనుషులు కావాలి. ఇంట్లో తెలియకుండా ఇవేవీ జరగవు. ఇంకోవైపు, ఆ పిల్ల మాటను ఉత్త బెదిరింపుగా తీసిపారేయడమూ తప్పే. చెప్పే తీరు చెడితే ప్రమాదం నిజంగానే పెరుగుతుంది.

చెప్పాలా వద్దా అన్న ప్రశ్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఈ కేసులో మమ్మల్ని ముందుకు నడిపింది వేరే విభజన: జరిగినది ఒకటి, జరగడానికి కారణం ఇంకొకటి. మాత్రలు మింగిందన్న సంగతి ఇంటికి తప్పకుండా చెప్పాలి. ఎందుకు మింగిందన్నది ఆమె సొంతం. దాన్ని ఎవరికి, ఎంత, ఎప్పుడు చెప్పాలో నిర్ణయించడంలో ఆమెకు సగానికిపైగా వాటా ఉండాలి. ఈ రెండూ ఒకే మూటగా కట్టి తండ్రి చేతిలో పెడతారన్నదే ఆ పిల్ల భయం.

తప్పిన అడుగులు

మొదటి తప్పు మంచి మనసుతోనే జరిగింది. ఏడుస్తున్న పిల్లను ఓదార్చబోయి హౌస్ సర్జన్ "ఎవ్వరికీ చెప్పను, నాతో చెప్పు" అని మాటిచ్చారు. అమ్మాయి కొంత చెప్పింది. గంట తర్వాత డ్యూటీ డాక్టరు ఇంటికి ఫోన్ చేయాలనగానే సెలైన్ ఎక్కుతున్న కాన్యులా సూదిని పీకేసి మంచం దిగింది. మళ్ళీ నరం దొరికి మందు ఎక్కడానికి పాతిక నిమిషాలు పట్టింది. నిలుపుకోలేని మాట ఇచ్చినందుకు పోయిన ఆ పాతిక నిమిషాల్లో, మందు కంటే విలువైన నమ్మకం పోయింది.

ఏదైనా అడగకముందే చెప్పాల్సిన మాటలు ఇవి: "నువ్వు చెప్పేది చాలావరకు నా దగ్గరే ఉంటుంది. మూడు మాత్రం దాచలేను. నీ ప్రాణానికి ప్రమాదముంటే, నిన్నెవరైనా హింసిస్తుంటే, ఎవరైనా నీతో లైంగికంగా తప్పుగా ప్రవర్తించి ఉంటే, సాయం చేయగలిగిన వాళ్ళకు చెప్పి తీరాలి. చెప్పేముందు నీకు తెలియజేస్తాను." మూడోది చివరికి వదిలేయడానికి వీల్లేదు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకు తెలియజేయాలి, తెలియజేయకపోతే శిక్ష ఉంది. ఆ సంగతి పిల్ల చెప్పేశాక బయటపెడితే మోసం చేశారనే అనుకుంటుంది.

రెండో తప్పు మా చేతిలో లేదు. ఒంటిగంటన్నరకే వార్డెన్ తండ్రికి ఫోన్ చేసి "ఫుడ్ పాయిజన్, కంగారేం లేదు, పొద్దున రండి" అని చెప్పేసింది. హాస్టల్లో చేర్చేటప్పుడు తల్లిదండ్రులు సంతకం పెట్టే వైద్య అంగీకార పత్రం ఆవిడ దగ్గర ఉంది. అది ఆవిడను సంరక్షకురాలిని చేయదు. అప్పటికి మాకు తెలియనిది ఇంకోటి ఉంది: ఆవిడ ఈ కథలో సాక్షి మాత్రమే కాదు.

ఇంటికి ఫోన్ చేసేముందు తేల్చుకున్నవి

డ్యూటీ సైకియాట్రిస్టు వచ్చి, తెర వేసి, నర్సును మాత్రమే ఉంచుకుని మాట్లాడారు. ముందు క్షమాపణ: "అంతా దాస్తామని చెప్పడం మా పొరపాటు." తర్వాత పైన రాసిన హద్దులు. ఆ తర్వాతే ప్రశ్నలు. ఇంట్లో తెలిస్తే ఏం జరుగుతుందని నీ భయం? ఎవరైనా కొడతారా? ఇంతకు ముందెప్పుడైనా కొట్టారా, ఎంత దెబ్బ? ఇంట్లో ఎవరి దగ్గరైనా ఒంటరిగా ఉండాలంటే భయమా? నిన్ను ఎవరైనా ఇష్టం లేకుండా తాకారా?

తిడతారన్న భయం వేరు, ఆ ఇంట్లో బతకలేనన్న భయం వేరు. రెండో జవాబు వచ్చి ఉంటే ఇంటికి ఫోన్ చేసేవాళ్ళం కాదు. ముందు పోలీసులకు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి, వాళ్ళ ద్వారా బాలల సంక్షేమ కమిటీకి తెలియజేసి, సంరక్షకుడే నిందితుడయ్యే అవకాశం ఉంటే అతన్ని మంచం దగ్గరికి రానివ్వకుండా చూసుకునేవాళ్ళం. వైద్యపరీక్ష సమయంలో తల్లిదండ్రులకు బదులు పిల్ల నమ్మే మరో మనిషిని పక్కన ఉంచవచ్చని పోక్సో 27వ సెక్షన్ చెబుతోంది. అలా నమ్మే మనిషి ఎవరని ముందే అడిగి రాసుకోవాలి.

ఈ అమ్మాయి జవాబు: "కొట్టడు. చదువు మాన్పించి సంబంధాలు చూస్తాడు." పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్ళి చేయడం నేరమే. అయినా ఇది ఆ రాత్రే తప్పించాల్సిన ప్రమాదం కాదు. మాట్లాడి మార్చగలిగిన భయం. ఇంటికి చెప్పవచ్చని అప్పుడు నిర్ణయించాం.

తర్వాతి ప్రశ్న: "చెప్పడం తప్పదు. ఎవరికి ముందు చెబుదాం, ఏ మాటతో చెబుదాం, అది నువ్వే చెప్పు." అమ్మకు అంది. అమ్మకు ఫోన్ లేదు. రెండు వీధుల అవతల ఉన్న పిన్ని నంబరు నోటికి వచ్చు. పిన్నికి జరిగింది చెప్పకూడదని అనుకున్నాం. తల్లికంటే ముందు ఇంకొకరికి తెలిస్తే, ఫోన్ పెట్టేసేలోపు వీధికంతా తెలిసే ఊళ్ళు మనవి. "ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నాం, పాప క్షేమమే, మీ అక్కతో మాట్లాడాలి, ఒకసారి ఫోన్ ఇవ్వగలరా" అన్నంతవరకే.

తల్లి మొదటి సంరక్షకురాలా అన్న సందేహం మధ్యలో వచ్చింది. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం తండ్రి తర్వాతే తల్లి అంటుంది గానీ, ఆ 'తర్వాత'కు తండ్రి లేనప్పుడు, అందుబాటులో లేనప్పుడు అనే అర్థం కూడా ఉందని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా తండ్రిని పక్కన పెట్టడం మా ఉద్దేశం కాదు. తల్లికి ముందు చెప్పడమంటే పది నిమిషాలు ముందు చెప్పడం, ఒక రోజు ముందు కాదు. అందరికంటే చివర తెలిసిన తండ్రికి ఆ కోపమే సగం ఉంటుంది.

ఫోన్‌లో చెప్పినది

నాలుగుంపావుకి తల్లి లైన్‌లోకి వచ్చింది. సైకియాట్రిస్టు చెప్పిన క్రమం ఇది. ముందు తన పేరు, ఆసుపత్రి పేరు. వెంటనే "పాప స్పృహలో ఉంది, మాట్లాడుతోంది." ఆ తర్వాత విషయం, ఏ ముసుగూ లేకుండా: "రాత్రి పారాసెటమాల్ మాత్రలు ఎక్కువ వేసుకుంది. విరుగుడు ఎక్కుతోంది. ఇవాళ రాత్రిదాకా ఎక్కాలి." ఫుడ్ పాయిజన్ మాట నిజం కాదని అక్కడే స్పష్టంగా చెప్పేశాం. తల్లి "ఎందుకు సార్?" అంది. "అది పాప నోటితోనే వింటే బాగుంటుందమ్మా, మీరొచ్చాక దగ్గరుండి మాట్లాడిస్తాం. రాగానే మాత్రం ఎందుకు చేశావని అడగొద్దు. అన్నం తిన్నావా అని అడగండి చాలు." చివరగా ప్రయాణం: "బండి మీద రావద్దు. తోడుగా ఇంకొకరిని తీసుకుని బస్సులోనో కారులోనో రండి."

తర్వాత "ఆయనకి మీరు చెబుతారా, మమ్మల్ని చెప్పమంటారా?" అని అడిగాం. మీరే చెప్పండి సార్ అంది. పది నిమిషాల్లో తండ్రికి అవే మాటలు, అదే వరుసలో చెప్పాం. ఒక్క మాట కూడా మార్చకపోవడం ముఖ్యం. భార్యాభర్తలు బస్సులో కూర్చుని ఆ మాటలనే పోల్చి చూసుకుంటారు.

చీటీ

పదిన్నరకు ఇద్దరూ వచ్చారు. తల్లి నిజంగానే అన్నం తిన్నావా అని అడిగింది. అమ్మాయి ఏడ్చింది, ఏడుపు మంచిదే. అంతా దారిలో పడిందని అనుకున్నాం.

మన ఆసుపత్రుల్లో శాంపిళ్ళు మోసేదీ, రిపోర్టులు తెచ్చేదీ అటెండర్లుగా వచ్చిన ఇంటివాళ్ళే. మధ్యాహ్నం పన్నెండింటికి సిస్టర్ అలవాటుగా ఇన్వెస్టిగేషన్ షీటును తండ్రి చేతికిచ్చి బయటి ల్యాబ్ నుంచి రిపోర్టు తెమ్మంది. అందులో కాలేయ పరీక్షల కింద వరుసలో "యూపీటీ నెగెటివ్" అని, అంటే ఆ గర్భపరీక్ష ఫలితం, ఉంది. అదేమిటని ఆయన కౌంటర్లో అడిగారు. చెప్పారు.

తిరిగొచ్చి ఎనిమిది మంచాల వార్డులో, అందరి ముందూ, కూతుర్ని అడిగారు. ఆ పిల్ల గోడవైపు తిరిగింది. ఆయన ఇప్పుడే తీసుకెళ్ళిపోతాం, కాగితం ఇవ్వండి, సంతకం పెడతా అన్నారు. మూడో సెలైన్ ఇంకా సగం కూడా ఎక్కలేదు.

రాత్రంతా మాటలు ఆచితూచి వాడాం. కాగితం సంగతి ఎవరూ ఆలోచించలేదు. తల్లిదండ్రులకు తెలియజేయడం అంటే డాక్టరు మాట్లాడటం అనుకుంటాం. నిజానికి మంచానికి వేలాడే కేస్ షీటు, ల్యాబ్ చీటీ, బిల్లు, ఆయా, పక్క మంచం వాళ్ళు, ఇవన్నీ తెలియజేస్తూనే ఉంటాయి.

తల్లిదండ్రులిద్దరినీ డ్యూటీ రూములోకి తీసుకెళ్ళి, కుర్చీలు వేసి, ముందు తప్పు మాదని ఒప్పుకున్నాం. తర్వాత: "విషం కేసులో వచ్చిన ఈ వయసు ఆడవాళ్ళందరికీ ఈ పరీక్ష చేస్తాం. ఏ మందు వాడాలి, ఏ స్కాన్ తీయాలి అన్నది దాన్నిబట్టి ఉంటుంది. పాప మీద అనుమానంతో చేసింది కాదు." ఆ తర్వాత డిశ్చార్జ్ మాట. వాదించకుండా ఒక కాగితం మీద నాలుగు గీతలు గీసి చూపించాం: మొదటి రోజు పైకి బాగానే ఉంటుంది, రెండో రోజు రక్తంలో మార్పు మొదలవుతుంది, కాలేయం దెబ్బతింటే అది బాగా బయటపడేది మూడు నాలుగు రోజులకు. "ఇప్పుడు లేచి తిరుగుతోందని తీసుకెళ్తే, మూడో రోజు కళ్ళు పచ్చబడ్డాక తీసుకొస్తారు. అప్పుడు ఈ మందు ఇంత బాగా పనిచేయదు." ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఉన్నారు. భయపెట్టడం కంటే రోజుల లెక్క చూపడం పనిచేసింది.

పోలీసుల సంగతి క్లుప్తంగా. ఎంఎల్‌సీ, అంటే పోలీసులకు తెలపాల్సిన కేసని ఆసుపత్రి రాసే రికార్డు, రాసి పోలీసు అవుట్‌పోస్టుకు కబురు పంపాం. అంతకుముందే తల్లిదండ్రులకు చెప్పి ఉంచాం: ఇది రికార్డు కోసం, పాపను శిక్షించడానికి కాదు. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2017లోని 115వ సెక్షన్ ఇలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించమంటుంది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షన్ 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సంహితలో ఆ రూపంలో లేనే లేదు. కేసు భయంతో రాత్రికి రాత్రే వెళ్ళిపోయే కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి ఈ ముక్క కానిస్టేబుల్ వచ్చేలోపే చెప్పాలి.

పనిచేసినది

కారణం రెండో రోజు ఉదయం బయటికొచ్చింది, అమ్మాయి ఎంచుకున్నంత మేరకు. క్లాసులో ఒక అబ్బాయితో స్నేహం, ఒక ఉత్తరం. అది వార్డెన్‌కు దొరికింది. ఆదివారం మీ నాన్న వస్తే ఇస్తానంది. విడిగా అడిగినప్పుడు శారీరక సంబంధం గానీ బలవంతం గానీ లేదని సైకియాట్రిస్టుకు తేలింది కాబట్టి పోక్సో ప్రశ్న రాలేదు. అయితే ఆ ఉత్తరమే కారణమంతా కాదు. రెండు నెలలుగా నిద్ర లేదు, ఆకలి లేదు, పుస్తకం తెరిస్తే అక్షరం ఎక్కదు. అది ఎవరూ గమనించని డిప్రెషన్. ఉత్తరం ఒక్కటే కారణమని తండ్రికి అర్థమైతే ఆయన ఆ అబ్బాయి వెంట పడతాడు, చికిత్స వెనక్కి పోతుంది. అందుకని నిద్ర, ఆకలి సంగతి సైకియాట్రిస్టు ముందుగా చెప్పారు. ఉత్తరం సంగతి అమ్మాయి తర్వాత చెప్పింది, ముందు తల్లికి, తల్లి పక్కన ఉండగా తండ్రికి. మూడు వాక్యాలు ముందే కాగితం మీద రాసుకుంది. అబ్బాయి పేరు చెప్పనంది. మేమూ అడగలేదు, అడగనివ్వలేదు.

తండ్రి అన్నది ఆమె ఊహించినదే: "చదివింది చాలు." ఆయనతో చదువు గొప్పదనం గురించి వాదించి ఉంటే ఓడిపోయేవాళ్ళం. "రెండు వారాలు ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. చదువు గురించీ, పెళ్ళి గురించీ, కాలేజీ గురించీ. రెండు వారాలకు మళ్ళీ ఇక్కడే కూర్చుని మాట్లాడదాం" అని అడిగాం. కాదనకుండా ఒప్పుకోగలిగినంత చిన్న కోరిక అది. ఆయన ఒప్పుకున్నారు.

21 గంటలు నిండాక కాలేయ ఎంజైములు కాస్త పెరిగి ఉన్నాయి, ఐఎన్ఆర్ మామూలే. మందు ఇంకో పదహారు గంటలు కొనసాగించాం. నాలుగో రోజుకు తగ్గుముఖం పట్టాయి. మానసిక వైద్య వార్డులో చేర్చాల్సిన అవసరం కనిపించలేదు. అయితే పంపేముందు తల్లితో కలిసి ఇంటి ఏర్పాటు ఒక్కొక్కటే తేల్చాం. ఇంట్లో ఉన్న మందులన్నీ, తాతగారి బీపీ మాత్రలతో సహా, తాళం వేసిన డబ్బాలోకి. పురుగుమందు ఇంట్లో ఉండకూడదు. నెల రోజులు తల్లి పక్కనే పడక. ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలో, రాత్రిళ్ళు ఎవరికి ఫోన్ చేయాలో, మానసిక సాయం హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416తో సహా, తలుపు వెనక అంటించుకోవడం. 48 గంటల్లో మా నుంచి ఫోన్, వారంలోపు రివ్యూ. కాలేజీకి మాత్రం ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీదాకా ఆసుపత్రిలో ఉంది, విశ్రాంతి అవసరం అని సర్టిఫికెట్. జబ్బు పేరు లేదు, వార్డెన్ అడిగినా ఇవ్వలేదు.

తర్వాత

రెండు వారాలకు ముగ్గురూ వచ్చారు. హాస్టల్ మాన్పించి పిన్ని కొడుకు చదివే పట్నంలో డేస్కాలర్‌గా చేర్చడానికి తండ్రి ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఆయన రాలేదు, తల్లే తీసుకొస్తోంది. అమ్మాయి ఇంటికొచ్చినప్పుడల్లా ఆయన బ్యాగు వెతుకుతున్నారట. అది మేం మార్చలేకపోయాం.

క్యాజువాలిటీలో మూడు మార్పులు చేశాం. పద్దెనిమిది నిండనివాళ్ళ ఇన్వెస్టిగేషన్ షీటును ఇంటివాళ్ళ చేతికివ్వరు, వార్డు బాయే తీసుకెళ్తాడు. గర్భపరీక్ష ఫలితం కేస్ షీటులో ఉంటుంది, కానీ లోపలి పేజీలో డాక్టరు నోట్సులో, ల్యాబ్ వరుసలో కాదు. రికార్డులోంచి తీసేయడం మాత్రం కుదరదు, ఎంఎల్‌సీ కేసులో అది ఇంకో తప్పవుతుంది. రోగి రాగానే నింపే ట్రయాజ్ కాగితం మీద ఒక గడి కొత్తగా చేరింది: ఇంట్లో ఎవరికి ముందు చెప్పమంటున్నారు, వాళ్ళ నంబరు.

మూడో నెల రివ్యూలో అమ్మాయి తల్లిని బయట కూర్చోమని, "నా కాగితాల్లో ఇంకా ఏమేం రాశారు?" అని అడిగింది. సైకియాట్రిస్టు ఫైలు తెప్పించి, మొదటి పేజీ నుంచి ఒక్కొక్కటే తిప్పి చదివి వినిపించారు. నలభై నిమిషాలు పట్టింది.